పళ్ళెం ఎవరిది

“మగాళ్ళు తినకుండా కంచం ముందు కూచునే ఆడదాన్ని మా ఇంటావంటా చూళ్ళేదు” అని అత్తగారు శారదాదేవి అన్నది పెళ్ళయిన మూడో రోజున. పంతొమ్మిదేళ్ళయింది. కమలాకుమారి చెవిలో ఆ మాట ఇంకా చల్లారలేదు. ఈ పొద్దున కూడా అంతే. భర్త చలపతికీ అత్తగారికీ ఉప్మా పెట్టి, అడుగంటింది గీకి తన డబ్బాలో వేసుకుని, తుష్నాబాద్‌లో బస్సెక్కి, తను నర్సుగా పనిచేసే టౌను ఆసుపత్రికి వచ్చి పడింది.

వార్డుకి కొత్తగా ఒక ట్యాబ్ ఇచ్చారు. షుగరు ఎంత, భోజనం పూర్తిగా తిన్నారా, సగమా, అసలు లేదా అని అడుగుతుంది. నొక్కితే ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వెయ్యాలో చెబుతుంది. నలభై మంచాలకు ఇద్దరు సిస్టర్లు. ఎవరి నోట్లోకి ఎన్ని ముద్దలు పోయాయో చూసే తీరిక ఎక్కడిది? పళ్ళెం వచ్చిందంటే ‘పూర్తి’ నొక్కెయ్యడమే.

ఆ ‘పూర్తి’ పదకొండో మంచం గురమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. చేపలమ్ముకునే మనిషి, కాలి పుండుతో చేరింది. నిన్న మధ్యాహ్నం చెమటలు, వణుకు. ఇవాళ పిలిచినా పలకలేదు. షుగరు నలభై రెండుకి పడిపోయింది! నరానికి గ్లూకోజు ఎక్కిస్తే గానీ కళ్ళు తెరవలేదు.

డాక్టరు కమలాకుమారి మీద విరుచుకుపడ్డాడు. “మెషీన్ గలత్ నహీ బోల్తా, సిస్టర్! డోసు మీరే తప్పు వేసుంటారు. సంజాయిషీ రాసివ్వండి.”

మెషీను తప్పు చెప్పదట. తప్పంతా ఆడదాని చేతిలోనే ఉంటుందన్నమాట! కమలాకుమారి కోపం దిగమింగి గురమ్మ పక్కన కూచుంది.

“నిజం చెప్పు. అన్నం తిన్నావా?”

“తిన్నాను సిస్టరమ్మా. మావోడు ఒగ్గేసింది తిన్నాను.”

“పళ్ళెం నీది కదే?”

“నాదేలే. ఆడు బోటు కాడ్నించి ఆకలితో వొత్తాడు. ఆడు తినకుండా నానెలా తింతాను?”

అన్నం మొగుడు జోగులుకి, సూది గురమ్మకి. కమలాకుమారికి తన డబ్బా గుర్తొచ్చింది. మూడు దాటింది, ఉప్మా అలాగే ఉంది.

అక్కడే కాగితం తీసింది. క్షమించండి అన్న మాట రాయలేదు. “ట్యాబ్ చెప్పిన ఎనిమిది యూనిట్లే వేశాను. పూర్తిగా తిన్నదని నొక్కింది నేనే. పళ్ళెం చూశాను, నోరు చూడలేదు. అది నా తప్పు. అన్నం తిన్నది ఆమె భర్త. తోడున్నవాళ్ళకు వేరే భోజనం పెట్టించండి. రేపటి నుంచి రోగి మింగడం చూశాకే నేను నొక్కుతాను.”

మర్నాడు పళ్ళెం రాగానే జోగులు చెయ్యి చాచాడు. కమలాకుమారి దాన్ని తీసుకెళ్ళి గురమ్మ ఒళ్ళో పెట్టింది.

“మరి నానేటి తినాల?”

“అబర్డీన్ బజార్ నిండా హోటళ్ళే భయ్యా. కాళ్ళు బానే ఉన్నాయిగా!”

వార్డంతా నవ్వింది. జోగులు గొణుక్కుంటూ పోయాడు. గురమ్మ గోడవైపు తిరిగి, దొంగతనం చేస్తున్నట్టు తినసాగింది. సగంలో ఆగి వెనక్కి చూసింది.

“నువ్వు తిన్నావా సిస్టరమ్మా?”

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఇంట్లో కమలాకుమారిని ఒక్కరూ అడగలేదు. ట్యాబ్ కూడా రోగుల గురించే అడుగుతుంది.

ఆ సాయంత్రం అన్నం వార్చి ఒక్కటే కంచం వడ్డించింది. చలపతి చెయ్యి కడుక్కొచ్చి దాని ముందు కూచోబోయాడు.

“అది నాది” అంది.