బోరబండలో ఆగిపోయిన కిట్టయ్య

మరొకరి దేవుడికి మనం రోజూ దీపం పెడితే ఆ పుణ్యం ఎవరికి దక్కుతుంది? బాలనర్సయ్యను ఏళ్ళ తరబడి తొలుస్తున్న సందేహం ఇది. గుడిలో పూజారిని అడుగుదామనుకునేవాడు. అడిగితే, ఆ దేవుడు నీ ఇంటికెలా వచ్చాడని ఆయన తిరిగి అడుగుతాడు. అక్కడితో నోరు మూసుకునేవాడు.

ఆ ఉదయం ఫిలింనగర్ ట్రావెల్ ఆఫీసులో నేల మీద గొంతుక్కూర్చుని, వంటమనిషి సుబ్బరామయ్య పెట్టె చూస్తున్నాడు. పాట తీయడానికి సింగపూర్ వెళ్తున్న సినిమా యూనిట్ అతనిది. బాలనర్సయ్యది సన్నటి ఒళ్ళు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, నుదుట చిన్న బొట్టు. తాళ్ళు బిగించి బిగించి వేళ్ళు కాయలు కాశాయి. టిక్కెట్లూ వీసాలూ లోపలి గదిలోని వాళ్ళు చూసుకుంటారు. పెట్టెలు విప్పించి, వెళ్ళే దేశం రానివ్వని వస్తువులు బయటికి తీయించడం ఆయన పని. తీసినదానికి అట్టముక్క కట్టి, పేరూ దేశమూ రాసి, మనిషి తిరిగొచ్చేదాకా దాస్తాడు.

"గీ పొట్లం ఏంది?"

"గసగసాలండీ. కోడికూరలోకి."

"పోనియ్యరు. గాడ గసగసాలంటే నల్లమందు కిందనే లెక్క. జేల్ల వడ్తవ్."

"గసగసాలు లేకపోతే అదేం కూరండీ? హీరో గారు గిన్నె తెచ్చి నా నెత్తిన బోర్లిస్తారు!"

"జేల్ల వడ్డంక నీ నెత్తి ఆయనకు యాడ దొరుకుతది? తియ్యి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పెట్టె అడుగున వెంకన్న పటం కనిపించింది. సుబ్బరామయ్య బెదురుగా, "ఇది కూడా తీసెయ్యాలాండీ?" అన్నాడు.

"వద్దు. సింగపూర్ల మన గుళ్ళే ఉన్నయి. తీస్కపో."

ఆ మాట అంటున్నప్పుడు బాలనర్సయ్య తలెత్తలేదు.

సుబ్బరామయ్య పటాన్ని కళ్ళకద్దుకుని, "అన్నట్టు, మన లీలాకుమారి గారు ఇవాళ సాయంత్రం బండికి తెనాలి వెళ్ళిపోతున్నారు, తెలుసా? చేతులు వణుకుతున్నాయని పనికి పిలవడం మానేశారు. ఇక రారట" అన్నాడు.

తాడు ముడేస్తున్న బాలనర్సయ్య చేతులు ఆగిపోయాయి.

లీలాకుమారి సినిమావాళ్ళకు జడలు వేసే మనిషి. ఎనిమిదేళ్ళ కిందట తారల బృందంతో దుబాయి వెళ్ళింది. ఆ రోజు ఆమె సవరాల పెట్టెలో బొటనవేలంత ఇత్తడి బాలకృష్ణుడు బయటపడ్డాడు. గల్ఫంటే అంతా ఒకటేననుకున్నాడు బాలనర్సయ్య. విగ్రహాలు రానివ్వని ఇంకో దేశపు కట్టడిని దుబాయికి అంటగట్టి, పదిమంది ముందూ, "దేవుడు గీడనే ఉంటడు" అని గద్దించాడు. ఆమె బతిమాలినా వినలేదు. కృష్ణుడి నడుముకు మొలతాడులా దారం చుట్టి అట్టముక్క కట్టాడు. ఆఫీసు అలమారలో ఎవరివో చెప్పుల పక్కన దేవుణ్ణి పెట్టడానికి మనసొప్పక, బోరబండలో తన ఇంటికి తీసుకుపోయాడు.

బృందం తిరిగొచ్చాక లైట్‌మన్ జంగయ్య ఆయన చేతిలో కుంకుమ పొట్లం పెట్టాడు. "దుబాయిల మన గుడి ఉన్నదే అన్నా! నీకోసం తెచ్చిన." ఆ కుంకుమ పెట్టుకుంటే నుదురు కాలినట్టయింది. జంగయ్య ఇంకో సంగతీ చెప్పాడు. ప్రదర్శన రోజున లీలాకుమారికి తల్లి పోయిన కబురు వచ్చిందట. వెంటనే బయల్దేరే వీల్లేదు. దణ్ణం పెట్టుకుందామంటే ఎదురుగా ఏమీ లేక, హోటల్ గది గోడకు తల ఆనించి కూర్చుందట.

ఆ తర్వాత దారిలో ఎదురైనప్పుడల్లా, "మా కిట్టయ్య బాగున్నాడాండీ?" అని అడిగేది. "మంచిగున్నడమ్మా, తెస్త" అనేవాడు. విగ్రహం ఇవ్వడం ఎంతసేపు? ఇస్తూ తన తప్పు చెప్పాలి. చెప్పకుండా ఇస్తే అది ఇంకో పాపం. పోనుపోను, ఆమెను దూరాన చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు.

మధ్యాహ్నం సెలవడిగి ఇంటికి వచ్చాడు. సంగతి విని భార్య కౌసల్య దేవుడి పీట మీంచి కృష్ణుణ్ణి తీసింది. స్నానం చేయించినప్పుడల్లా విప్పి, తుడిచాక మళ్ళీ కట్టే అట్టముక్కను ఈసారీ మరిచిపోకుండా కట్టింది.

"అభిషేకం చెయ్యనీకి చెయ్యొచ్చె గని, చెప్పనీకి నోరు రాకపాయె నీకు" అంది. అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "జర పైలంగ తీస్కపో. బిడ్డ లెక్క ఉండె."

షేక్‌పేటలో లీలాకుమారి కిరాయి గది ముందు ఆటో నిలబడి ఉంది. గది ఖాళీ అయిపోయింది. ఆమె తలుపుకు తాళం వేయబోతోంది, తాళంచెవి రంధ్రంలోకి దూరడం లేదు. బాలనర్సయ్య అందుకుని వేసి, తాళంచెవి ఆమెకిచ్చాడు. జేబులోంచి రుమాలు తీసి మూట విప్పాడు.

"అమ్మా, తప్పు నాదే. దుబాయికి గా రూల్ లేకుండె. తెల్వకనే జెప్పిన. తెలిసినంక... శరమైంది."

లీలాకుమారి తాళంచెవి సంచిలో వేసుకుని ఆయన వైపు తిరిగింది.

"దుబాయిలో మన గుడి నేనూ చూశానండీ. మర్నాడు జంగయ్యే తీసుకెళ్ళాడు. పాపం, మీకు తెలియదేమోననుకున్నాను ఇన్నాళ్ళూ. తెలిసేనా రోడ్డు దాటిపోయేవారు?"

బాలనర్సయ్య రుమాలు ముందుకు చాచాడు. ఆమె కృష్ణుణ్ణి చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి తిప్పింది.

"ముక్కు అరిగిందేంటి వీడికి? చింతపండుతో తోమారా?"

"మా ఇంటామె. దినాం."

"వెన్న కూడా పెట్టిందా?"

"శుక్రారం శుక్రారం."

"అదీ సంగతి. అందుకే నా దగ్గరకు రాలేదు, దొంగ వెధవ."

వణికే వేళ్ళతోనే విగ్రహం నడుము దారం ముడి విప్పసాగింది. బాలనర్సయ్య సాయానికి చెయ్యి చాచితే వద్దని తల అడ్డంగా ఊపింది. ముడి ఊడాక కృష్ణుణ్ణి రవికలో దోపుకుని ఆటో ఎక్కింది.

"వస్తానండీ, నర్సయ్య గారూ. మీ ఆవిడకు చెప్పండి, వెన్న నేనూ పెడతానని."

ఆటో టోలిచౌకి వైపు మలుపు తిరిగింది. తాళం వేసిన తలుపు పక్కన, కిటికీ గూట్లో, ఆమె విప్పి పెట్టిన దారమూ అట్టముక్కా మిగిలాయి. పసుపు అంటి, అట్ట మీది ఆమె పేరు అలుక్కుపోయింది. దాని కింద దుబాయి అన్న మాట మటుకు ఇంకా కనిపిస్తోంది.