యాంటెన్నాకు వెండి పూలు

ముందు కీచుమని ఒక కూత. ఊరి కచేరీ మేడ మీదున్న లౌడ్‌స్పీకర్ ఏ కబురు చెప్పాలన్నా ఒకసారి అలా చెవులు చిల్లులు పడేలా అరిచాకే చెబుతుంది. మైకు స్పీకరుకు మరీ దగ్గరగా ఉంటే వచ్చే ఫీడ్‌బ్యాక్ అది. స్పీకర్లోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులోకి దూరి, తిరిగి తిరిగి పెరిగి కూతవుతుంది. మైకు రెండడుగులు జరపమని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను. జరపరు. కూత లేకపోతే కబురు చెబుతున్నట్టు ఎవరికి తెలుస్తుంది, అంటారు.

నేను రొట్టెల పిండి కోసం సున్నం వేసి ఉడికించిన మొక్కజొన్న గింజలు కడుగుతున్నాను. చేతులకు మోచేతుల దాకా సున్నపు నీళ్లు.

"ఊరివాళ్లందరూ వినండహో!" ఊరి పెద్ద దోన్ క్రిసోఫొరో గొంతు. "నిన్న సభలో అనుకున్నట్టు, మన కొత్త టెలిఫోను చూసుకునే పని ఈ ఏడాదికి తేయోకీ, అతని పెళ్లాం నెరెయ్‌దాకీ ఇచ్చాం. అమ్మాయ్ నెరెయ్‌దా, చేతిలో పని వదిలేసి రా. పెట్టెలు వచ్చాయి. మనిషీ వచ్చాడు. ఆకలి మీదున్నట్టున్నాడు."

మా కొండల్లో పెళ్లైన ప్రతి జంటకూ ఊరు ఏదో ఒక పని అప్పగిస్తుంది. ఏడాది పాటు, జీతం లేకుండా చెయ్యాలి. కొత్త జంటలకు మామూలుగా దక్కేది చర్చి ఊడవడమో, ఊరి కాపలానో. పెళ్లై ఇరవై ఆరు రోజులైన మాకు టెలిఫోను దక్కింది! గింజలు అలాగే వదిలేసి, తడి చేతులతోనే గుమ్మంలోకి పరుగెత్తాను. కాఫీ తోటలోంచి తేయో పరుగున వస్తున్నాడు, మోకాళ్ల దాకా బురద. ఇద్దరం గుమ్మంలోనే ఢీకొన్నాం.

"విన్నావా?"

"ఊరంతా విన్నది, నేను వినకుండా ఉంటానా?" అని నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించరా దాన్ని. పెళ్లికొచ్చిన చుట్టాలు ఇంకా పూర్తిగా వెళ్లనేలేదు" అంది మా అత్తమ్మ ఒబ్దూలియా పొయ్యి దగ్గర్నుంచి. ఆ తర్వాత నా వైపు చూసి, "రొట్టె గుండ్రంగా రాకపోయినా పర్లేదులే అమ్మాయ్, నీకు తగిన పని దొరికింది" అంది. నా రొట్టెల ఆకారం గురించి ఆవిడ ప్రస్తావించని రోజు లేదు. అదీ ఒక ముద్దే అని నాకు మూడో రోజుకే అర్థమైంది.

పెట్టెలతో వచ్చిన మనిషి పేరు రాదమేస్. మాలాంటి చిన్న ఊళ్లకు సొంత సెల్‌ఫోను వ్యవస్థ కట్టుకోవడం నేర్పే సహకార సంఘం మనిషి. మాటలు తక్కువ, జేబు నిండా స్క్రూడ్రైవర్లు. అత్తమ్మ పెట్టిన ఆరు రొట్టెలు తిన్నాక షరతు చెప్పాడు.

"ఒక్క సెట్టే ఉంది. వరసలో ఇంకా నాలుగు ఊళ్లున్నాయి. ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి పరీక్ష. సిగ్నల్ లోయ అవతల ఒకోతల్‌కి అందాలి. అందకపోతే పెట్టె మళ్లీ గాడిదెక్కి, పక్క ఊరికి పోతుంది."

ఒకోతల్‌లో ఉన్నవి ఇరవై మూడు ఇళ్లు. మా గుట్ట మీద నుంచి చూస్తే చెయ్యి చాచితే అందేలా ఉంటుంది. నడిస్తే మాత్రం మూడు గంటలు, దిగడం, వాగు దాటడం, ఎక్కడం. అక్కడ ఎవరికైనా ఆపద వస్తే ఇంటి కప్పు మీద తెల్ల దుప్పటి ఆరేస్తారు. ఇక్కడ దాన్ని చూసి మనుషులు బయలుదేరతారు. పోయిన వానల్లో అత్తమ్మ అక్క ఫిదెన్సియా జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. దుప్పటి ఆరేశారు. కానీ మంచు పొగ రెండు రోజులు తొలగలేదు, ఎవరికీ కనబడలేదు. అప్పట్నుంచి అత్తమ్మ పొద్దున్న లేవగానే మొదట లోయ వైపే చూస్తుంది. తర్వాతే మొహం కడుక్కుంటుంది.

సిమెంటు, ఇసుక, ఇనుప గొట్టాలు ఒకోతల్ వాళ్లే సగం మోశారు. "మాకందని టెలిఫోనుకు మేమెందుకు మోయాలి?" అని అంతకుముందు జరిగిన సభలో ఒకతను అడిగితే, నేను లేచి నిలబడి అందుతుందని మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందేమో. కానీ అప్పటికి పెళ్లై పన్నెండు రోజులే, నాకు ప్రపంచంలో కానిదేదీ కనబడేది కాదు.

ఆ సభలోనే యాంటెన్నా అంటే ఏమిటని అడిగారు. "దీపం లాంటిది. వెలుగు ఎలా పరుచుకుంటుందో సిగ్నల్ అలా పరుచుకుంటుంది. కొండ అడ్డమొస్తే నీడ పడుతుంది" అని చెప్పాను. అందరూ తలలూపారు. నా పోలికకు నేనే మురిసిపోయాను.

తేయోకు మాత్రం ఒక్క పోలికతో సరిపోలేదు. పగలంతా స్తంభానికి గొయ్యి తవ్వుతూ ఒక్కో మాటా చెప్పించుకున్నాడు. ప్రతిదానికీ తన పోలిక ఎదురు చెప్పడం అతని హక్కు.

"బ్యాండ్‌విడ్త్ అంటే?"

"ఒకేసారి ఎన్ని మాటలు పోగలవో, దానికి కావాల్సిన దారి వెడల్పు."

"అంటే కంచరగాడిదల బాట. సన్నగా ఉంటే ఒకదాని వెనక ఒకటి పోవాలి. నాయిస్?"

"అక్కర్లేని చప్పుడు."

"శనివారం సంత. అందులో నువ్వు పిలిస్తే నాకు వినబడాలంటే సంతకంటే గట్టిగా పిలవాలి. గెయిన్?"

నేను చేతులు రెండూ దొప్పలా నోటి చుట్టూ పెట్టి, "తేయో!" అని పిలిచాను. "గొంతు పెంచలేదు. ఉన్న గొంతునే ఒక వైపు పంపాను. యాంటెన్నా చేసేది అదే."

"మళ్లీ పిలువు. సరిగ్గా అర్థం కాలేదు" అన్నాడు. నాలుగుసార్లు పిలిపించుకున్నాడు, దొంగ.

సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో ఎందుకుంటుందో చెప్పడానికి నాకే పోలిక దొరకలేదు. అదీ అతనే కనిపెట్టాడు. "మన గుమ్మం సున్నా. మైనస్ డెబ్బై అంటే డెబ్బై మెట్లు కిందికి దిగావు, పిలిస్తే ఇంకా పలుకుతావు. మైనస్ నూట పది అంటే వాగు దగ్గరున్నావు, పిలిచినా నీళ్ల చప్పుడే." నేను కాలేజీలో నాలుగేళ్లు చదివిన దానికంటే ఇది బాగుంది.

శనివారానికి చర్చి వెనక గుట్ట మీద స్తంభం లేచింది. పైన యాంటెన్నా, పలకలా తెల్లగా, ఒకోతల్ వైపు మొహం పెట్టుకుని. దాని కింద పిడుగును నేలలోకి దించే రాగి తీగ. మధ్యాహ్నానికి సోలార్ పలకలు, బ్యాటరీలు కలిపాం. తేయో చేతి రేడియో, ఒక ఫోను పట్టుకుని ఒకోతల్ నడిచి వెళ్లాడు. సాయంత్రం నాలుగింటికి రేడియోలో గరగరల మధ్య అతని గొంతు వచ్చింది.

"మైనస్ ఎనభై ఆరు! నెరే, ఎనభై ఆరు మెట్లే!"

రాదమేస్ మొట్టమొదటిసారి నవ్వాడు. పరీక్ష కోసం తేయో ఆ రాత్రికి ఫిదెన్సియా పెద్దమ్మ ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్లయ్యాక మేం విడిగా ఉన్న మొదటి రాత్రి అది, కానీ నాకు ఎనభై ఆరు అనే అంకె తోడుంది.

ఆదివారం తెల్లారేసరికి గుట్ట మీద మంచు పొగ దట్టంగా కమ్మింది. స్తంభం నడుము దాకా కనబడుతోంది, పైన ఏమీ లేదు. తొమ్మిదింటికి స్విచ్ వేశాం.

"తేయో, ఎంత?" అని రేడియోలో అడిగాను.

"నూట తొమ్మిది. ఫోన్లో మాట అందడం లేదు."

"ఫోన్ పైకెత్తి చూడు."

"కప్పెక్కాను. పెద్దమ్మ తిడుతోంది. నూట పది."

రాదమేస్ మీటరు తగిలించాడు. స్టాండింగ్ వేవ్ రేషియో చూపించే మీటరది. కేబుల్లో పైకి పంపిన శక్తిలో ఎంత వెనక్కి వస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది. నిన్న ఒకటీ పాయింట్ రెండు. ఇవాళ మూడు దాటింది.

"పంపినదాంట్లో బోలెడు వెనక్కొస్తోంది. కనెక్టర్లో నీళ్లు దూరి ఉంటాయి" అన్నాడు. కింది కనెక్టర్లు విప్పాం. పొడిగా ఉన్నాయి. పైవి చూడాలంటే పొగ విడాలి. మళ్లీ టేపు చుట్టి మీటరు చూశాం. మూడు. టైము పది దాటింది. గుట్ట మీదికి జనం చేరుతున్నారు, బ్యాండు వాళ్లు ట్రంపెట్లు తుడుచుకుంటున్నారు. లోయ అవతల ఇరవై మూడు ఇళ్లవాళ్లూ ఒక్క ఫోన్ చుట్టూ కూర్చుని ఉంటారు. మాటిచ్చింది నేను.

పదకొండు కావస్తుండగా గాలి వీచి, పొగ విడిపోయింది. ఎండ సూటిగా స్తంభం కొన మీద పడింది. అక్కడ ధగధగమని ఒక వెండి పూల గుత్తి. యాంటెన్నా మొహం నిండా, పైనుంచి కింది దాకా, మెరుపు రేకు కాగితంతో చేసిన లిల్లీలు, గులాబీలు, మధ్యలో చిన్న శిలువ. జనం "ఆహా" అన్నారు. బ్యాండు ఆగలేక ఒక ముక్క వాయించేసింది.

అత్తమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది, కొత్త శాలువా కప్పుకుని. "బాగుందా?"

మా దగ్గర కొత్తగా వచ్చిన ప్రతిదానికీ ఒక జ్ఞానతల్లి ఉండాలి, దేవుడి ఎదుట దానికి పూచీ పడే మనిషి. బిడ్డకుంటుంది, ట్రాక్టరుకుంటుంది, బాస్కెట్‌బాల్ కోర్టుకూ ఉంటుంది. దీవెన రోజున దాన్ని అలంకరించి తీసుకురావడం ఆమె వంతు. టెలిఫోనుకు జ్ఞానతల్లి అత్తమ్మేనని నాకు తెలుసు. ఆ పువ్వుల సంగతి తెలియదు.

"మూడు రోజులు చేశాను, నీకు కనబడకుండా పక్కింట్లో కూర్చుని" అంది. "తెల్లారకముందే మా తమ్ముణ్ని ఎక్కించాను. నువ్వే కదా సభలో చెప్పావు, దీపం లాంటిదని. చర్చిలో కొవ్వొత్తి దగ్గర రేకు పెడతాం, వెలుగు దూరం పోవాలని. మా అక్కయ్య ఇంటి దాకా పోవాలిగా."

నేను ఆవిడ వేళ్లు చూశాను. రేకు కోసిన గీతలు, ఒకదానికి గుడ్డ ముక్క చుట్టి ఉంది. ఊరంతా వింటోంది. అత్తింట్లో నాకు ఇరవై తొమ్మిదో రోజు. రాదమేస్ గడియారం వైపు చూశాడు, తర్వాత తన బూట్ల వైపు. ఆ మాట చెప్పడం తన పని కాదని అతని మొహమే చెప్పింది.

"అత్తమ్మా, కొవ్వొత్తికి రేకు ఎటువైపు పెడతారు?"

"వెనకాల. ముందు పెడితే వెలుగు..." అని ఆగిపోయింది.

స్తంభం వైపు చూసింది. ఒకోతల్ వైపు చూసింది. మళ్లీ స్తంభం వైపు.

"ముందు పెట్టించాను" అంది మెల్లగా.

"మీరు అనుకున్నది తప్పు కాదు అత్తమ్మా. యాంటెన్నా లోపల వెనకవైపు అలాంటి రేకే ఉంటుంది. దాన్ని కనిపెట్టినవాళ్లు మీలాగే ఆలోచించారు. ముందువైపు మాత్రం ఏదీ ఉండకూడదు. ఆ పూలు సిగ్నల్‌ని మళ్లీ మనకే తిప్పి పంపేస్తున్నాయి. తప్పు నాది. దీపమని చెప్పి ఊరుకున్నాను, మిగతాది చెప్పలేదు."

నాకు ఏడుపు వచ్చేలా ఉంది.

"అయితే ఇంకా ఇక్కడే నిలబడ్డావేంటే?" అంది అత్తమ్మ. "ఎక్కు! పన్నెండవుతోంది. పూలు మళ్లీ చేసుకోవచ్చు. ఒరేయ్ సెనోబియో, నువ్వు ట్రాంబోను పట్టుకుని అలాగే ఉండు, నువ్వెక్కితే అదీ వంకర చేస్తావ్."

"నువ్వు కట్టమన్నట్టే కట్టానుగా అక్కా!" అన్నాడు ఆయన.

నడుముకు బెల్టు కట్టుకుని ఎక్కాను. కింద నిచ్చెన పట్టుకున్నది మా అత్తమ్మే. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తీగలు విప్పి, గుత్తిని చెక్కు చెదరకుండా తాడుతో దింపాను. నేను ఇంకా పైనే ఉండగా రాదమేస్ అరిచాడు, "ఒకటీ పాయింట్ రెండు!" ఆ వెంటనే నా నడుముకున్న రేడియోలో తేయో గొంతు, "ఎనభై ఏడు! ఎనభై ఆరు! నెరే, నువ్వు స్తంభం మీద కనబడుతున్నావ్! ఎర్ర చుక్కలా ఉన్నావ్!" నేను చెయ్యి ఊపాను. అంత దూరానికి కనబడిందో లేదో తెలియదు, ఊపాను.

పన్నెండు గంటలు కొట్టేసరికి మొదటి ఫోను జ్ఞానతల్లిదే. అత్తమ్మ ఫోను చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంది. అవతల ఫిదెన్సియా పెద్దమ్మ ఎప్పటిలా లోయంతా వినబడేలా కేకేస్తున్నట్టుంది. ఫోనుకు నాలుగడుగుల దూరంలో ఉన్న మాకందరికీ వినబడుతోంది.

"ఒబ్దూలియా! నువ్వేనా!"

"నేనేనే. అరవకు. చెవి పక్కనే ఉన్నావు."

"ఏం వండావ్?"

"చిక్కుడు గింజలు. నువ్వు?"

"చిక్కుడు గింజలే!"

ఇద్దరూ నవ్వుతున్నారు. అత్తమ్మ మాత్రం శాలువా కొనతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వుతోంది. "మోకాలు ఎలా ఉంది?" అని అడిగింది. ఆ జవాబు మాత్రం ఆవిడ ఒక్కర్తే వింది, ఫోను చెవికి గట్టిగా అదుముకుని. రాదమేస్ కాగితం మీద సంతకం పెట్టాడు. దోన్ క్రిసోఫొరో చప్పట్లు కొట్టమన్నాడు, అప్పటికే కొడుతున్నాం.

ఇంటికి దిగుతూ నేను అత్తమ్మకు చెప్పాను, ఒకోతల్‌లో ఇంటింటికీ తిరిగి ఫోను నంబర్లు రాసుకోవాలి, అది నా పనేనని.

"ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తాను" అంది. "జ్ఞానతల్లిని కదా, ఇంటింటికీ పోవాలి. మా అక్కయ్యకు ఫోను పట్టుకోవడమూ నేర్పాలి, అలా అరిస్తే పాడైపోతుంది. రేపు పొద్దున్న ఆరింటికి బయలుదేరదాం. నువ్వు పుస్తకం పట్టుకో, రొట్టెలు నేను చేస్తాను. తేయోని అక్కడే ఉండమని ఇప్పుడే ఫోను చేసి చెప్పు."