సుద్ద సున్నాలు

కొమురెల్లి డ్రిల్లు మొనను సానరాయికి ఆనించి, నిప్పురవ్వలు రాలుతుంటే, కొంచెం కొంచెంగా చదును చేస్తున్నాడు. కొత్త మొన సూదిగా ఉంటుంది. ఒకదానికొకటి అతికిన కారు రేకుల్లో పైదాన్నీ కిందిదాన్నీ ఒక్కసారే పొడిచేస్తుంది. చదునుగా అరగదీస్తే పై రేకు తెగగానే ఆపుకోవచ్చు. ఇది ఖాజా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. ఉస్తాద్ పోయి పదేళ్లు దాటింది. కోరుట్ల మొత్తంలో పాత కార్ల రేకు విప్పే ఈ పని ఇప్పుడు తెలిసినవాడు కొమురెల్లి ఒక్కడే. అందుకు గర్వపడదామన్నా చేయించుకునేవాళ్లు లేరు. ఈ కాలపు కార్లకు సొట్ట పడితే ఆ భాగం విప్పి అవతల పారేసి కొత్తది బిగిస్తున్నారు.

షెడ్డులో ఉన్నది ఒకటే బండి, జలపతి సారు ఫియట్. జగిత్యాలలో లెక్చరర్‌గా చేసి రిటైరైన ఆయన, యాభై ఏళ్ల నాటి ఆ కారును మళ్లీ రోడ్డెక్కించాలని పట్టుబట్టాడు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే బయటి రేకును రెండు పక్కలా తుప్పు తినేసింది. లోపలి రేకు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. కంపెనీవాళ్లు ఆ రెండింటినీ కందిగింజంత వెల్డింగ్ చుక్కలతో, అంటే స్పాట్లతో, అతికించారు. ఒక్కో స్పాటునూ వెతికి పట్టుకుని, నడిమధ్యలో తొలిచి, సన్నటి ఉలితో పై రేకును లేపాలి. ఒక్క స్పాటు తప్పిపోయినా లోపలి రేకు చిరుగుతుంది. పోయిన వారం డిక్కీ దగ్గర మూడు చోట్ల అట్లాగే చిరిగింది. సారు ఆ చిరుగులను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు.

"కొమురెల్లీ, ఇంకొక్కటి చినిగితే బండిని హైదరాబాద్ పంపిస్త. కోపం పెట్టుకోకు" అని వెళ్లిపోయాడు. ఇవాళ సాయంత్రం మళ్లీ వస్తున్నాడు.

తుప్పు గుంటా స్పాటు గుంటా కంటికి ఒక్క తీరుగానే ఉంటాయి. తేడా తెలిసేది బొటనవేలికే. తుప్పు గరుకుగా తగులుతుంది, స్పాటు అడుగు నున్నగా ఉంటుంది. నలభై ఏళ్లు కొమురెల్లికి అన్నం పెట్టింది ఆ వేలే. షుగరు వచ్చి ఆ వేలిని మొద్దుబార్చింది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే షెడ్డుకు తాళం వేయడమే. తాళం వేశాక పొద్దున లేచి ఎటు పోవాలో అతనికి తెలియదు.

మధ్యాహ్నం భార్య నర్సవ్వ సద్దిగిన్నె పట్టుకుని వచ్చింది. బక్కపలచని మనిషి. వేళ్లకు తునికాకు మరక, కొంగుకు తంబాకు వాసన. అన్నం కలుపుతున్న మొగుడి చేతిని చూసి ఆగింది.

"గీ బొబ్బ ఎప్పటిది?"

కొమురెల్లి చూసుకున్నాడు. బొటనవేలి కొస కాలి ఉబ్బి ఉంది.

"కాలితె తెల్వదా?"

"తెల్వది" అన్నాడు. దాచే ఓపిక అయిపోయింది. "నాలుగు నెలలసంది ఏం తెలుస్తలేదు. రేకు ముట్టుకున్నా బట్ట ముట్టుకున్నట్టే ఉంటది."

నర్సవ్వ తిట్టలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని కారు పక్కన గొంతుకూర్చుంది. "ఏం దేవులాడాలె, చెప్పు."

అతను ఆమె వేలిని ముందు ఒక తుప్పు గుంట మీద, తర్వాత ఒక స్పాటు మీద పెట్టించాడు. చాలు. ఆకు ఎక్కడ పలచనైందో, తంబాకు ఎక్కడ తక్కువ పడిందో చూడకుండానే చెప్పే వేళ్లవి. టీవీ చూస్తూ రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన వేళ్లు. ఆమె కళ్లు మూసుకుంది.

"ఈడొకటున్నది. గిది ఉత్త తుప్పు. ఇగో, గీడున్నది."

ఉన్నచోటల్లా సుద్దముక్కతో చిన్న సున్నా చుట్టింది. మొదటి సున్నాలో కొమురెల్లి తొలిచి, ఉలి పెట్టి కొంచెం లేపి చూశాడు. లోపలి రేకు చెక్కుచెదరలేదు. చాలా రోజుల తర్వాత అతనికి నవ్వొచ్చింది.

"బీడీలు చేసి ఖరాబైనవ్ గని, నువ్వు ఉస్తాద్ తాన చేరాల్సినదానివే."

ఆమె నవ్వి, ఎడమ భుజం రుద్దుకుంది. "పొద్దటిసంది ఛాతిల గుంజుతున్నది. దగ్గుతోటేనేమో."

"గీ పక్క అయిపోనీ, దవాఖానకు పోదాం. సారు అచ్చేటాళ్లకు ఒక్క పక్కనన్న ఇప్పాలె."

"కానీ" అంది ఆమె. ఈ పని అతనికెంత అవసరమో ఆమెకు తెలుసు.

ఆ పక్క ముప్పై నాలుగు సున్నాలయ్యాయి. అతను తొలవడానికి కూర్చుంటే ఆమె సుద్దముక్కతో లేచింది. "అవుతలి పక్క గూడ పెట్టేస్త. మల్ల నాకోసం చూసుడెందుకు?"

కారును ఇటుకల మీద నిలబెట్టి ఉంచాడు. దాని కింది నుంచి ఆమె పాదాలు కనిపిస్తున్నాయి. ఒక్కో అడుగే జరుగుతూ పోయాయి. కొంతసేపటికి చీర అంచు నేల మీద పరుచుకుంది. కూర్చుని వెతుకుతోంది కాబోలు అనుకున్నాడు. డ్రిల్లు మోతలో "ఇగో..." అని పిలిచినట్టయింది.

"ఆగు, ఇంక నాలుగే" అని అరిచాడు. మిషన్ ఆపలేదు.

రేకు ఊడి వచ్చింది. లోపల ఒక్క చిరుగు లేదు. దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"నర్సవ్వా, ఇటు సూడు!"

పలకలేదు. రేకుతోనే అటు వెళ్లాడు. ఆమె వెనక తలుపుకు తల ఆనించి కూర్చుని ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. రేకు కింద పడేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బొటనవేలికి ఏమీ తెలియలేదు. ఆ వేలికి ఏదీ తెలియదు కదా అని ఇంకా ఆశపడ్డాడు. చెంపను ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఊపిరి లేదని చెంపకు తెలిసింది.

జలపతి సారు వచ్చేసరికి చుట్టుపక్కల వాళ్లు చేరి ఆమెను ట్రాలీ ఆటోలో పడుకోబెడుతున్నారు. సారు కారు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అలవాటుగా లోపలి రేకు మీదికి పోయింది. ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు.

"బండి ఈడనే ఉంటది కొమురెల్లీ" అన్నాడు మెల్లగా. "అంత నువ్వే చెయ్యి."

కొమురెల్లి ఆయన వైపు చూడలేదు.

"పిలిచింది సారూ. మిషన్ బంద్ చెయ్యలే. పిలిచింది, నేను బంద్ చెయ్యలే."

ఆటో కదిలింది. అతను ఆమె తల దగ్గర కూర్చున్నాడు. షెడ్డు షట్టరు దించడం ఎవరికీ గుర్తు రాలేదు. కారు అవతలి పక్క తుప్పు రేకు మీద వరుసగా పందొమ్మిది సున్నాలున్నాయి. ఇరవయ్యోది సగంలో ఆగింది. గీత అక్కడి నుంచి కిందికి జారింది. ఆ గీత కింద, నేల మీద, వేలెడు కూడా లేని సుద్దముక్క పడి ఉంది.