ఆయిల్ ఇంకా మంచిగనే ఉన్నది

ఇమ్మానుయేల్ కారు ఇంజన్‌లోంచి ఆయిల్ గేజు పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి దించి లాగాడు. ఎండకు ఎత్తి పట్టి చూశాడు. పుల్ల కొసన ఆయిల్ కొత్త తేనెలా మెరిసింది.

పక్కన నిలబడ్డ ధర్మా ఆ మెరుపు చూసి, చూడనట్టు రోడ్డు వైపు తిరిగాడు.

జనగామలో సూర్యాపేట రోడ్డు పక్కన ఇమ్మానుయేల్ మెకానిక్ షెడ్డు. రెండు కార్లు పట్టే చోటు, బండి కింద దిగి పనిచేసే ఒక గుంత, గోడవారగా ఒక చెక్క బల్ల. ఎదురుగా చాయ్ హోటల్. ధర్మా కారు నాలుగేళ్ల కిందటి చిన్న పెట్రోల్ బండి. గీత ఒక్కటి లేదు. నర్మెట్ట అవతలి తండా నుంచి జనగామకు రావడం, పోవడం తప్ప దానికి వేరే తిరుగుడు లేదు. అదే బండికి దసరాకు ఒకసారి ఆయిల్ మార్పించాడు. కార్తీకం దాటాక మళ్లీ మార్పించాడు. ఆయిల్, ఫిల్టర్, మజూరీ కలిపి ఒక్కో తడవకు మూడు వేలు దాటుతుంది. ఇప్పుడు మాఘం కూడా వెళ్లకముందే మళ్లీ వచ్చాడు.

"అన్నా, జర ఇటు రా" అని ఇమ్మానుయేల్ షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ నల్లటి డ్రమ్ము ఒకటి ఉంది. అన్ని బండ్లలోంచి దింపిన కాలిన ఆయిల్ అందులో పోస్తారు. సెంట్రింగ్ పనివాళ్లు వచ్చి రేకులకు రాయడానికి కొనుక్కుపోతారు. డ్రమ్ము పక్కన మూత బిగించిన తెల్ల డబ్బాలు రెండు వేరుగా ఉన్నాయి.

"గీ రెండు డబ్బాల ఉన్నది నీ బండిదే. డ్రమ్ముల పొయ్య మనసొప్పలే. నా పాత కారుల గిదే పోస్తున్న, మంచిగ నడుస్తున్నది. నువ్వు కొంటున్నవ్, నేను వాడుతున్న. గిది నాకు పాపం తగుల్తది."

ధర్మా తన పాత కొలువు సంగతి ఎత్తాడు. బొగ్గు గనిలో అయితే డంపర్‌కు గంటల లెక్కన మార్చేవాళ్లమని, దుమ్ములో తిరిగే ఇంజన్‌ను నమ్మరాదని చెప్పాడు. పోయినసారీ ఇదే చెప్పాడు. అంతకుముందూ ఇదే.

"నీది డంపర్ కాదన్నా. మీటర్ పది వేలు తిరగాలె, లేకుంటె ఏడాది నిండాలె. ఏది ముందైతే గప్పుడు రా. ఆయిల్ ఇంకా మంచిగనే ఉన్నది."

అంటూనే ముందుకు వచ్చి బానెట్ దించాడు. మరో బండి చక్రం విప్పడానికి కూర్చున్నాడు. ధర్మా బల్ల వైపు చూశాడు. బానెట్ తెరిచి ఉంటే ఆ బల్ల మీద కూర్చోవచ్చు. బానెట్ మూశాక ఆ బల్ల ఎవరిదో. కాసేపు నిలబడి, చాయ్ తాగకుండానే బండి తిప్పుకుని పోయాడు.

ధర్మా ఆ బల్ల కోసమే వస్తాడు. ఆ మాట పైకి అనడు. లోపల కూడా ఎప్పుడో గాని అనుకోడు.

భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలో ముప్పై ఏళ్లు బొగ్గు మోసే డంపర్ లారీ తోలిన మనిషి. డంపర్ మీద ఆపరేటర్ ఒక్కడే. పైకి ఎక్కి కూర్చుంటే షిఫ్టు అయ్యేదాకా పలకరించే మనిషి ఉండడు. కింద బొగ్గు, పైన ఎండ, చెవిలో ఇంజన్ మోత. గంటల మీటర్ నిండి ఆయిల్ మార్పుకు బండిని షెడ్డులో పెట్టిన పూట మాత్రం ఆపరేటర్‌కు పని ఉండదు. పొమ్మనేవాళ్లూ ఉండరు. ఫిట్టర్ల నడుమ కూర్చుని, వాళ్ల టిఫిన్‌లో ఒక ముద్ద తిని, వాళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే నవ్వుకుంటూ గడిపేవాడు. కింది నట్టు విప్పగానే వేడి ఆయిల్ బొడబొడ దిగే చప్పుడు వింటే ధర్మాకు ఇప్పటికీ భుజాలు వదులవుతాయి.

కొలువు దిగడానికి రెండేళ్ల ముందు భార్య జమ్లీ పోయింది. క్వార్టర్ ఖాళీ చేసి, పుట్టిన తండాకు వచ్చి, రెండు గదులు వేసుకున్నాడు. క్వార్టర్లలో చుట్టూ తెలుగే అయినా, తలుపు వేసుకున్నాక తమ లంబాడీ గోర్ మాటలో మాట్లాడటానికి జమ్లీ ఉండేది. తండాలో ఇప్పుడు చుట్టూ ఆ మాటే. మాట్లాడటానికి తన ఈడు మనుషులు లేరు. ఉన్నవాళ్లు పొద్దున్నే కూలికి పోతారు. వయసులో ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయి పండుగకు వస్తారు. పక్కింటి సోమ్లా కోడలు మాత్రం ధర్మా వాకిలి పెద్దదని మిరపకాయలు అక్కడ ఆరబోస్తుంది. పొద్దున పరుస్తుంది, పొద్దు గూకితే కుప్ప చేస్తుంది. నడుమ కోళ్లు రాకుండా చూడమంటుంది. రోజుకు అదొక్క మాట.

పోనీ ఊరికే పోయి ఆ బల్ల మీద కూర్చోవచ్చు కదా అంటే, అది ధర్మాకు చేతకాదు. పని లేకుండా ఒకరి గడప ముందు కూర్చున్నవాడు అప్పుకైనా వచ్చి ఉండాలి, చాడీలకైనా వచ్చి ఉండాలి అనేవాడు వాళ్ల నాయన. తండాలో ఎవరి ఇంటి ముందు ఆగినా చేతిలో ఏదో ఒకటి ఉండాల్సిందే. కత్తికి సాన పట్టాలనో, నిప్పు కావాలనో. ధర్మా చేతిలో కారు ఉంది.

నాలుగు రోజులు ఆలోచించి, మీటర్ తిప్పుదామని బయలుదేరాడు. పది వేలు తిరిగితే రమ్మన్నాడు కదా, తిరుగుతాను అనుకున్నాడు.

పాలకుర్తి దాటాక రోడ్డు పక్కన ఒక ముసలమ్మ చెయ్యి ఎత్తింది. భుజాన సంచి, కంటికి పచ్చ గుడ్డ. బుచ్చి అని పేరు చెప్పింది. మానుకోట దవాఖానకు పోవాలంది. ఎక్కమన్నాడు. ఎంత తీసుకుంటావని అడిగింది. ఏమీ వద్దన్నాడు. ఆమె తలుపు మీది చెయ్యి తీసేసింది.

"ఉత్తగ ఎవడు ఎక్కించుకుంటడు నాయినా? నాకు ఒక్క కన్నే పోయింది, బుద్ధి పోలే."

చివరికి ఇరవై రూపాయలు చేతిలో పెట్టాకే ఎక్కింది. తొర్రూరు దాకా సంచి ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత నిదానంగా కోడలి సంగతి, పత్తి ధర సంగతి చెప్పింది. మానుకోటలో దవాఖాన ముందు దిగి, నువ్వేం పని మీద వచ్చినవని అడిగింది.  బండి ఆయిల్ అన్నాడు. ఆమె ఏం అర్థం చేసుకుందో, తల ఊపి పోయింది.

ఆ ఒక్క ప్రశ్నే అతన్ని ముందుకు తోలింది. వెనక్కి మళ్లితే పని లేకుండా వచ్చినట్టు అవుతుంది. నర్సంపేట దాటి, ములుగు దారి పట్టి, ఎండ నడినెత్తి మీదుండగా భూపాలపల్లి చేరాడు.

గని గేటు ముందు రోడ్డు నల్లగా, నీళ్లు చల్లి ఉంది. దూరంగా గుంతలో డంపర్ వెనక్కి వస్తున్న కూత వినబడింది. కారు దిగి, తలుపు పట్టుకుని విన్నాడు. కూతను బట్టి ఆపరేటర్ కొత్తవాడని తెలిసింది. ఆగి ఆగి వస్తున్నాడు. కుడికి పట్టు అనుకున్నాడు. స్టీరింగు పట్టినట్టు చెయ్యి దానంతట అదే కదిలింది.

గేటు దగ్గరి కాపలా మనిషి కుర్చీలోంచే ఎవరు కావాలని కేక వేశాడు. కొత్త ముఖం. ధర్మా ఒక పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. ఫిట్టర్ రాంచందర్ పోయిన ఏడే కొలువు దిగి కొడుకు దగ్గరికి వెళ్లాడు. యాకయ్య చనిపోయాడు. మిగిలినవాళ్లు ఏ షిఫ్టులో ఉన్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు. ముప్పై ఏళ్లు లోపలికి పోయి వచ్చిన గేటు ముందు అడగడానికి ఒక్క పేరు దొరకలేదు.

"ఎవ్వరు గాదు" అన్నాడు.

"ఎవ్వరు గాకపోతె బండి పక్కకు వెట్టు పెద్దమనిషీ, లారీలొస్తయి."

పక్కకు పెట్టాడు. అక్కడినుంచి హనుమకొండ మీదుగా ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకింది. మీటర్ చూసుకున్నాడు. అంత దూరం తిరిగినా మూడు వందల పైచిలుకే. పెట్రోల్‌కే ఆయిల్ మార్పు ధరలో ముప్పావు వంతు పోయింది. ఇంకా ఎన్నిసార్లు ఆ గేటు దాకా పోయి రావాలో లెక్క కట్టబోయి మానేశాడు. మళ్లీ పోయే ధైర్యం లేదని అప్పటికే తెలుసు.

ఫాల్గుణం ఎండలు మొదలయ్యాయి. వారం పాటు కారు పట్టా కిందే ఉంది. ఆ తర్వాత ఒక పొద్దున ధర్మాకు ఇంజన్ గాలిని వడగట్టే ఎయిర్ ఫిల్టర్ గుర్తుకొచ్చింది. గనిలో దానికి తేదీ లేదు, గంటలు లేవు. దుమ్ము పడితే తీసి తట్టాల్సిందే. దుమ్ము ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి ఇమ్మానుయేల్ కూడా కాదనలేడు.

గబగబా బానెట్ ఎత్తి, డబ్బా మూత క్లిప్పులు విప్పి, ఫిల్టర్ బయటికి తీశాడు. తెల్లటి కాగితం మడతలు. మల్లెపువ్వులా ఉంది. కార్తీకం దాటాక ఆయిల్‌తో పాటు మార్పించిందే. గడప రాయికేసి తట్టాడు. ఏమీ రాలలేదు.

ఫిల్టర్ చేతిలో పెట్టుకుని చాలాసేపు గడప మీద కూర్చున్నాడు. వాకిట్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. తండాలో ఎవరూ లేరు. ఒక మేక వచ్చి ముఖంలోకి చూసి పోయింది.

తర్వాత లేచి, మిరపకాయల అంచున, వాకిలి ఈశాన్యం మూలన వదులుగా ఉన్న మన్ను పిడికెడు తీశాడు. చుట్టూ ఒకసారి చూశాడు. ఫిల్టర్ మడతల మీద చల్లి, వేళ్లతో అదిమాడు. ఎక్కువైందనిపించి కొంత దులిపాడు. నమ్మేలా లేదనిపించి మళ్లీ కొంత చల్లాడు. ముప్పై ఏళ్లు ఇంజన్‌లోకి దుమ్ము పోకుండా కాపాడిన చేతులవి. ఫిల్టర్ లోపల పెట్టి, మూత బిగించి, జనగామకు బయలుదేరాడు. దారంతా రెండో గేరు దాటించలేదు, ఎక్కువ గాలి గుంజితే మన్ను లోపలికి పోయి ఇంజన్ పాడైపోతుందని.

షెడ్డులో ఇమ్మానుయేల్ ఒక్కడే ఉన్నాడు. రెండో గేరులోనే మూలుగుతూ వచ్చిన బండిని చూసి ఏమైందన్నట్టు తల ఎగరేశాడు. ఆయిల్‌కు రాలేదని ధర్మా ముందే చెప్పాడు. గాలి సరిగా గుంజడం లేదు, ఫిల్టర్ చూడమన్నాడు.

ఇమ్మానుయేల్ క్లిప్పులు విప్పి ఫిల్టర్ తీశాడు. తిప్పి చూశాడు. రోడ్డు దుమ్ము బూడిదలా సన్నగా ఉంటుంది. మడతల అడుగు దాకా దిగుతుంది. ఇది ఎర్రగా, పలుకులు పలుకులుగా పైనే కూర్చుని ఉంది. బల్ల అంచుకేసి మెల్లగా తట్టాడు. మన్ను రాలింది. మన్నుతో పాటు పసుపుపచ్చని గింజ ఒకటి రాలి, సిమెంటు మీద ఎగిరి, ధర్మా చెప్పు ముందు ఆగింది.

మిరపగింజ.

ఇద్దరూ దాన్ని చూశారు. ధర్మా దాని మీద కాలు పెడదామనుకున్నాడు. కాలు కదలలేదు.  ఇక ఈ షెడ్డుకు రావడం అయిపోయిందనుకున్నాడు. మూసిన బానెట్ ముందు అయినా ఇంకోసారి నిలబడవచ్చు. పట్టుబడిన అబద్ధం ముందు ఎలా నిలబడడం?

ఇమ్మానుయేల్ ఫిల్టర్‌ను రెండోసారి తట్టాడు, మూడోసారి తట్టాడు. ఊది చూశాడు. ఇక రాలడానికి ఏమీ లేకపోయినా తట్టుతూనే ఉన్నాడు. గింజ వైపు మళ్లీ చూడలేదు.

"మీ గని దుమ్ము కంటె మీ తండా దుమ్మే మొండిగున్నదన్నా. గిది ఆయిల్ లెక్క కాదు, దీనికి మీటర్ లేదు. నెలకొకసారన్న తెచ్చి తట్టిపియ్యాలె."

ధర్మా ఎంత అవుతుందని అడిగాడు.

"తట్టుడుకు పైసలేంది? కూసో. ఆరబెట్టాలె గిది, టైమ్ వడ్తది."

ఫిల్టర్‌ను ఎండలో, కారు పైకప్పు మీద పెట్టాడు. తడవని దాన్ని ఆరబెట్టాడు. బానెట్ మాత్రం అలాగే తెరిచి ఉంచాడు. హోటల్ వైపు రెండు వేళ్లు చూపించి, మరో బండి కింది గుంతలోకి దిగాడు.

ధర్మా బల్ల మీద కూర్చున్నాడు.   చాయ్ వచ్చింది. గుంతలో నట్టు వదులైన చప్పుడు, వెంటనే వేడి ఆయిల్ బొడబొడ దిగే చప్పుడు వినబడింది. ఎవరిదో బండి. ఆయిల్ నల్లగా ఉంది, బాగా తిరిగిన బండి. చాయ్ అయిపోయినా గ్లాసు చేతిలోనే పెట్టుకుని, ధార సన్నబడి చుక్కలయ్యేదాకా విన్నాడు.

మర్నాడు పొద్దున సోమ్లా కోడలు మిరపకాయలు పరచడానికి వచ్చేసరికి ధర్మా వాకిలి ఊడుస్తున్నాడు. ఈశాన్యం మూల వదిలేశావేం మామా అని ఆమె అడిగింది. ఆ మన్ను అక్కడే ఉండనీ అన్నాడు.