అత్తమ్మకు ఆర్డరు

మామయ్యగారి కంట్లో పది గంటల చుక్క వేసి, తర్వాతి చుక్క కోసం సెల్లులో అలారం పెట్టుకుంటుంటే, "టీవీలో కింద ఏదో రాస్తున్నాడు, అది చదువమ్మా. తెలుగే కదా, వచ్చు కదా," అన్నారు ఆయన.

వచ్చు. తెలుగూ వచ్చు, ఎంసీఏ కూడా వచ్చింది. పంజగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. వేరేవాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టినందుకు నాకు నెలనెలా జీతం ఇస్తారు. ఇంట్లో అదే పని నా మీద జరుగుతుంది, జీతం లేకుండా. మా అత్తవారిది కాకినాడ పక్కన సముద్రం ఒడ్డు. మాది యూసుఫ్‌గూడ. నేను "జర ఆగు" అంటే మా ఆయన దుర్గేష్ ఇప్పటికీ "కొంచెం" అని దిద్దుతాడు. అమీర్‌పేటలో ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని జావా నేర్చుకున్నప్పుడు మాత్రం ఆ "జర" తనకు ముద్దుగానే ఉండేది.

మామయ్యగారు, అంటే కామరాజుగారు, శుక్లం ఆపరేషన్ కోసం వచ్చారు. ఒక కంటికి కట్టు, చుక్కలు వేసేటప్పుడే విప్పుతాం. రెండో కంటికి ఇంకా ఆపరేషన్ కాలేదు, అందులో అన్నీ పాలు పోసినట్టు కనిపిస్తాయట. వారం రోజులుగా చుక్కలు, పథ్యం, పేపరు చదివి వినిపించడం అన్నీ నావే. దుర్గేష్ ఆఫీసు మా ఫ్లాటుకు పది నిమిషాల నడక. అయినా సెలవు పెట్టింది నేను. "నాకు రిలీజ్ ఉంది అనూ," అన్నాడు. నాకూ ఉంది. సోమవారం రాకపోతే నా మాడ్యూలు ఇంకొకరికి ఇచ్చేస్తానని మా మేనేజరు వివేక్ నాలుగు రోజుల కిందటే చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో అడగడానికి మంచి సమయం కోసం చూస్తున్నాను. ఈ ఇంట్లో మంచి సమయం మధ్యాహ్నం భోజనానికి, నిద్రకు మధ్య అయిదు నిమిషాలు ఉంటుంది. ఆ అయిదు నిమిషాలూ నేను అంట్లు తోముతూ ఉంటాను.

ఇప్పుడు అడిగే పరిస్థితి కూడా లేదు. ఈరోజు శుక్రవారం, సాయంత్రానికి తుఫాను సరిగ్గా మా అత్తవారి ఊరి దగ్గర తీరం దాటుతుందంటున్నారు. మా అత్తమ్మ జానకీదేవి అక్కడ ఒంటరిగా ఉంది. ఇంటికి ఒక మనిషి ఉండాలని మామయ్యగారు ఆవిడను వదిలేసి వచ్చారు. వాళ్ల ఇంటికీ సముద్రానికీ మధ్య ఒక రోడ్డు, మూడు ఇళ్లు. ఆ రోడ్డు కూడా ఏడాదికింత సముద్రంలో కలుస్తోంది. పన్నెండు గంటలలోపు అందరినీ లారీల్లో తుఫాను షెల్టర్‌కి తీసుకెళ్తారని పొద్దుటి నుంచి టీవీలో చెబుతున్నారు.

దుర్గేష్ తల్లిని కాపాడే పని ఆఫీసు నుంచే మొదలుపెట్టాడు. ఒక ఎక్సెల్ షీటు చేసి నాకు మెయిల్ పెట్టాడు. ఇరవై మూడు వరుసలు. బిందెల్లో నీళ్లు పట్టాలి, అగ్గిపెట్టెలు తడవకుండా దాచాలి, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టాలి, గ్యాసు కట్టేయాలి, మెయిన్ ఆఫ్ చేయాలి, గాలి ఉన్నట్టుండి ఆగిపోతే బయటికి రాకూడదు, అది రెండోవైపు నుంచి మళ్లీ వస్తుంది. అన్నీ మంచి మాటలే. పక్కన 'ఎవరు చేయాలి' అని ఒక గడి పెట్టాడు. ఇరవై మూడు గళ్లలోనూ 'అమ్మ'. ఇల్లు వదిలి వెళ్లాలన్న వరుస మాత్రం లేదు. ఫోన్ చేసి అడిగితే, అది నాన్నగారు తీసుకోవాల్సిన నిర్ణయం అన్నాడు.

నాన్నగారేమో వద్దన్నారు. ఈ 'వద్దు'కు ఒక చరిత్ర ఉంది. ఆయన రెవెన్యూ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. పదేళ్ల కిందటి తుఫానులో ఊళ్లోవాళ్లందరినీ షెల్టర్‌కి తరలించిన డ్యూటీ ఆయనదే. అది ముగించుకుని ఇంటికొస్తే తలుపుకి తాళం. అత్తమ్మ పక్కింటివాళ్లతో కలిసి షెల్టర్‌కి వెళ్లిపోయింది. ఆయన తడిబట్టలతో అరుగు మీద కూర్చున్నారట, కాఫీ లేకుండా, నాలుగు గంటలసేపు. ఆ తుఫాను గురించి ఆయనకు గుర్తున్నది ఇదొక్కటే. పెళ్లయిన ఈ మూడేళ్లలో నేనే పదకొండుసార్లు విన్నాను. ప్రతిసారీ చివర, "చెప్పకుండా తాళం వేసి పోయిన మనిషి," అంటారు.

తొమ్మిదింటికి ఆయన స్పీకర్ పెట్టించి అత్తమ్మతో మాట్లాడారు. వెనక ఒకటే గోల. అదేమిటని అడిగితే గాలి అంది. "మీరు పొమ్మంటే పోతానండీ," అంది. "స్లాబు ఇల్లు, భయం లేదు, ఉండు," అన్నారు ఈయన. నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను. పోనివ్వండి మామయ్యా అంటే, "మీ వైపు సముద్రం లేదు కదమ్మా, నీకు తెలీదులే," అన్నారు.

నిజమే, నాకు సముద్రం తెలీదు. అత్తమ్మ తెలుసు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి, కొడుకు తిన్నాడా అని ఒకసారి, నువ్వు తిన్నావా అని రెండుసార్లు అడిగే మనిషి. ఆవిడ ఆ ఇంట్లో నీళ్లలో చిక్కుకుంటుందేమో అని గడియారం చూశాను. పదీ అయిదు. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని టీవీ ఏమంటుందా అని ఎదురుచూస్తున్నారు. కోడలి మాట చెవికెక్కదు. కొడుకు మాట కొడుకే చెప్పడు. ప్రభుత్వం మాటయితే ఆయన లేచి నిలబడి వింటారు.

టీవీలో తలనూనె ప్రకటన వస్తోంది. నేను చదివాను.

"తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలోని వారందరూ తక్షణం ఖాళీ చేయవలెను."

"అది చేపలవాళ్లకి," అన్నారు.

"విశ్రాంత రెవెన్యూ ఉద్యోగుల కుటుంబాలు ముందుగా తరలి, తక్కిన ప్రజలకు ఆదర్శంగా నిలవవలెనని కలెక్టరుగారు..."

ఆయన వీపు కుర్చీని వదిలింది. "విజ్ఞప్తి చేశారా, ఆదేశించారా?"

"ఆదేశించారు."

"నంబరేమైనా వేశాడా?"

చేతిలో కంటిచుక్కల సీసా ఉంది. దాని మీది బ్యాచ్ నంబరు చదివాను. పక్కనే ఉన్న తేదీ కూడా చదవబోయి ఆగాను, అది సీసా పనికిరాకుండా పోయే తేదీ.

నంబరు విన్నాక ఆయనకు అనుమానం మిగల్లేదు. ఫోన్ కలపమన్నారు. "జానకీ, ఆర్డరొచ్చింది, బయల్దేరు. మనం వెళ్తేనే నలుగురూ వెళ్తారు," అన్నారు, కలెక్టరుగారు స్వయంగా ఆయన్నే పిలిచి చెప్పినంత గంభీరంగా. అత్తమ్మ సరేనండీ అంది. ఆయన తృప్తిగా వెనక్కి వాలి, "చూశావా, దేనికైనా టైము చూసి నిర్ణయం తీసుకోవాలి," అని నాకు బోధించి, కొంచెం కాఫీ ఇమ్మన్నారు.

కాఫీ ఇచ్చి, ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోయాను. కింద అమీర్‌పేట ఎప్పటిలాగే ఉంది, ఒరాకిల్ కోర్సు కరపత్రాలు పంచుతున్నారు. అత్తమ్మకు ఫోన్ కలిపాను.

"అత్తమ్మా, లారీ దొరికిందా?"

"ఏ లారీ? నేను పొద్దున ఆరింటికే షెల్టర్‌కి వచ్చేశానే."

"మరి మామయ్య పొమ్మంటే పోత అన్నరు గదా?"

"నువ్వు స్పీకర్ పెట్టావుగా."

నాకు నవ్వొచ్చింది, దాంతోపాటు ఏడుపు కూడా వచ్చింది. కంటిచుక్కల సంగతి చెప్పాను. ఆవిడ షెల్టర్ దద్దరిల్లేలా నవ్వి, ఆ నంబరు కాగితం మీద రాసి ఉంచమంది, పదేళ్లపాటు పనికొస్తుందట. అక్కడ మేడ మీద చోటు దొరికిందట, సముద్రం హోరు వినిపిస్తోంది కానీ గోడలు గట్టివట. ఎవరో ఉప్మా వండి ఆవిడ ఒళ్లో పళ్లెం పెట్టారట. "ఉప్పు తక్కువైందే. అయినా నేనేమీ అన్లేదు. అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా."

"మామయ్య ఆఖరిదాకా వద్దనే అంటే ఏం చేద్దురు? పోయినసారి పదేళ్లు తిట్టిండ్రు గదా."

"తిడితే తిట్టారు. పదేళ్లు తిట్లు తినాలన్నా మనిషి బతికుండాలి కదే," అంది. తర్వాత, గాలి పెరుగుతోంది, బ్యాటరీ దాచుకోవాలి, నువ్వు తిన్నావా అని అడిగి పెట్టేసింది.

నేను అక్కడే నిలబడ్డాను. నాలుగు రోజులుగా ఆ అయిదు నిమిషాల కోసం ఎదురు చూస్తున్నదాన్ని. మా అత్తమ్మ తుఫానులో కూడా ఎవర్నీ అడగలేదు. నేను ఎండలో ఎదురు చూస్తున్నాను.

దుర్గేష్‌కి ఫోన్ చేశాను. అమ్మ షెల్టర్‌లో క్షేమంగా ఉందంటే ఊపిరి పీల్చుకున్నాడు పాపం. కాస్త తేరుకున్నాక చెప్పాను. "సోమవారం నుంచి నేను ఆఫీసుకు పోతున్న. రెండు గంటలకోసారి చుక్కలు వేయాలె. నీకు పది నిమిషాల నడక."

"నాన్నగారిని అడిగావా?" అన్నాడు.

"అడగలే. నేను పోయినంక ఆయనకు నువ్వు చెప్పు."