నూనె రాసిన సీట్లు

టాక్సీ దిగి రెండడుగులు వేసిన టీచరు ఆగిపోయి, మెడ తిప్పి తన చొక్కా వెనక భాగం చూసుకుంది. తెల్లటి చొక్కా మీద అరచేతి వెడల్పున పసుపుపచ్చ మరక.

"మీ సీటు జిడ్డుగా ఉందమ్మా. నేనిప్పుడు ఇంటర్వ్యూకి వెళ్ళాలి" అంది.

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది డ్రైవరుకి. తను వేసుకున్న నీలం కోటు విప్పి ఇచ్చింది. "ఇది తొడుక్కెళ్ళండి మేడమ్. సాయంత్రం స్కూలు దగ్గరికొచ్చి తీసుకుంటాను." టీచరు ఒక్క క్షణం ఆలోచించి, కోటు తొడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

డ్రైవరు వెనక సీటు మీద వేలు పెట్టి చూసింది. వేలు జారింది. ముందు సీటు కింద వెతికితే పాతగుడ్డలో చుట్టిన తలనూనె సీసా దొరికింది. అది చూడగానే ఆమెకు సంగతంతా అర్థమైంది.

ఆ కారు ఆమె తండ్రిది. ముప్ఫై ఏళ్ళు ఆయనే నడిపాడు. కంటినరం దెబ్బతిని చూపు సన్నగిల్లుతూ వచ్చి, చివరికి వెలుతురు ఎటుందో తెలిసేంత మాత్రమే మిగిలింది. రెండేళ్ళ క్రితం తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, "బండి నీది. తుడిచే పని మాత్రం నాది" అన్నాడు. అప్పట్నుంచీ పొద్దున్నే తడుముకుంటూ వెళ్ళి కారు తుడుస్తున్నాడు. ఆ గంట తప్ప రోజంతా ఆయనకు వేరే పనంటూ లేదు. ఈమధ్య సీట్లు తళతళ మెరుస్తుంటే, నాన్న చేతి చలవ అని ఆమె మురిసిపోయింది కూడా.

ఆయనతో ఏం చెప్పాలో తోచక, ముందుగా సీటుకవర్లు కుట్టే కొట్టుకు వెళ్ళింది. బస్టాండు వెనక సందులో ఒక్క షట్టరు కొట్టు అది. మెడలో కొలతటేపు వేసుకుని కుట్టుమిషను ముందు కూర్చునే యజమానురాలిని అందరూ రెగ్జినక్క అంటారు.

రెగ్జినక్క సీటు తడిమి, వేలు వాసన చూసింది. "తలనూనె. ఎవరి తెలివమ్మా ఇది?"

"మా నాన్నది."

"రెగ్జిన్ అంటే తోలు కాదు, గుడ్డ మీద పోసిన ప్లాస్టిక్. నూనె తాగదు. ఎంత రాసినా పైనే కూర్చుని దుమ్మునంతా పిలుస్తుంది, ఎక్కినవాళ్ళకి అంటుకుంటుంది. ఎండకి కాగిందంటే రెగ్జిన్‌కే చేటు."

"పోతుందా అక్కా?"

"ఎందుకు పోదు? ఓపిక కావాలి. ఒక పూట పని, నాలుగు చేతులు కావాలి. రేపు మీ నాన్నని తీసుకురా."

"ఆయనకి కళ్ళు కనబడవు."

"నేను చేతులడిగాను" అంది రెగ్జినక్క, మళ్ళీ మిషను తొక్కుతూ.

సాయంత్రం టీచరు కోటు మడతపెట్టి ఇస్తూ, ఉద్యోగం వచ్చిందని చెప్పింది. అది విన్నాక గానీ డ్రైవరు గుండెల మీంచి బరువు దిగలేదు. ఇంటికెళ్ళి తండ్రి పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది.

"సీట్లు గరుకుగా తగిలాయి. చర్మం పగిలితే నూనె రాయమా, అలాగే అనుకున్నాను" అన్నాడాయన. "సరేలే. ఇంక కారు జోలికి రాను."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఓదారిస్తే ఇంకా ముడుచుకుపోతాడని తెలుసు. "బాగానే ఉంది వరస. పాడుచేసింది నువ్వు, కడగాల్సింది నేనొక్కదాన్నీనా? రేపు నువ్వూ వస్తున్నావు."

"న్యాయమే" అన్నాడాయన, నవ్వు దాచుకుంటూ.

మర్నాడు కొట్టు ముందు పని మొదలైంది. కుట్ల మధ్య ఇరుక్కున్న ఇసకా చెత్తా ముందు దుమ్ము పీల్చే మిషనుతో లాగేశారు. తర్వాత రెగ్జినక్క గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల మెత్తటి సబ్బు కలిపి, సీటు అడుగున కనబడని మూల రుద్ది, రంగు దిగడం లేదని చూసుకుంది. "నీళ్ళు పొయ్యకండి, కుట్లలోంచి లోపలి స్పాంజిలోకి దిగితే ముక్కిపోతుంది. నురుగు ఒక్కటే బ్రష్షుకి తీసుకోండి. గీకొద్దు, పసిపిల్ల తల రుద్దినట్టు రుద్దండి."

తండ్రి ముందు సీట్లు, కూతురు వెనక సీటు. నురుగు పట్టించడం, తడిగుడ్డతో తీయడం, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం. ఇలా మూడుసార్లు అయ్యాక కూతురు నడుం నిమురుకుంటూ అయిపోయిందంది. రెగ్జినక్క తొంగిచూసి తలూపింది.

తండ్రి మాత్రం వెనక తలుపులోంచి వంగి, సీటు మీద మెల్లగా చెయ్యి నడిపాడు. కుట్టు పక్కన ఆగాడు. "ఇక్కడింకా ఉంది."

కూతురికేమీ కనబడలేదు. రెగ్జినక్క తెల్లకాగితం అద్ది చూసింది. కాగితానికి పసుపుపచ్చ మరక అంటింది. ఆయన చెయ్యి తీసి ఇంకోచోట పెట్టి, "ఇక్కడ?" అంది.

"లేదు."

కాగితం తెల్లగా వచ్చింది. అలా ఆరుచోట్ల అడిగింది. ఆరుసార్లూ ఆయన చెప్పిందే నిజమైంది.

"ఇందులో గొప్పేముంది? సొమ్ము ఎక్కడ దాచాడో దొంగకి తెలియదా?" అన్నాడాయన. రెగ్జినక్క పగలబడి నవ్వింది.

మిగిలిన జిడ్డూ తీశాక రెగ్జినక్క, నూనె లేకుండా నీళ్ళతో చేసిన సీట్ల మందును గుడ్డ మీద చిలకరించి, అన్నిటికీ పల్చగా పట్టించింది. ఎండ దెబ్బ తగలకుండా కాస్తుందట. కారు నిలిపినప్పుడల్లా ముందు అద్దానికి అట్ట అడ్డం పెట్టుకొమ్మని కూడా చెప్పింది.

"మెరవట్లేదేంటక్కా?" అంది కూతురు.

"మెరవకూడదు. కొత్త రెగ్జిన్ ఎక్కడైనా మెరుస్తుందా?" అని, రెగ్జినక్క ఆయన వైపు తిరిగింది. "రేపు నాకు మూడు వ్యాన్లొస్తున్నాయి. మా పనివాళ్ళు పైపైన చూసి అయిపోయిందంటారు. మీరొచ్చి చెయ్యి పెట్టి చెప్పండి."

ఆయన ముఖం బిగుసుకుంది. "జాలిపడి పిలుస్తున్నారా?"

"జాలిపడటానికి నాకు తీరికేదండీ? జిడ్డు మిగిలితే తిట్లు తినేది నేను."

ఆయన మర్నాడు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. తొలివారం కూతురే దింపింది. తర్వాత బస్సు దిగి ఎన్ని అడుగులకు సందు మలుపో లెక్కపెట్టుకుని, చేతికర్రతో తనే వెళ్ళసాగాడు. చేతికి తెలిస్తే చాలదని, నురుగు ఎంత పల్చగా ఉండాలో, ఏ మరకను తొందరపెట్టకూడదో ఒక్కొక్కటీ అడిగి నేర్చుకున్నాడు. నెల తిరిగేసరికి, ఆయన చెయ్యి వేసి సరేనంటే గానీ ఏ బండీ కొట్టు దాటడం లేదు.

ఒక మధ్యాహ్నం కూతురు అటుగా వచ్చి, ఇంటికి తీసుకెళ్దామని కారాపింది. లోపల ఎవరో పెద్దమనిషి, సీట్లు అద్దంలా మెరిసిపోవాలని పట్టుబడుతున్నాడు.

"మెరవాలంటే క్షణంలో పని, నూనె రాస్తే చాలు" అంటున్నాడు తండ్రి, తొణకకుండా. "నేనూ రాశాను. పాపం, ఒకావిడ ఇంటర్వ్యూకి మా అమ్మాయి కోటు తొడుక్కుని వెళ్ళాల్సొచ్చింది. మీరు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకునే సీటిది. ఒకసారి చెయ్యి వేసి చూడండి."

పెద్దమనిషి చెయ్యి వేసి చూశాడు. జేబులోంచి డబ్బు తీశాడు.

కూతురు గుమ్మంలోకి వచ్చి, "నాన్నా, వెళ్దామా?" అంది.

"నువ్వెళ్ళమ్మా" అన్నాడాయన, గుడ్డ పిండుతూ. "నాకింకో బండి ఉంది."