మూడు పూతల కింద

నేను ఒక తోలు చేతిసంచిని. ఇప్పటివాళ్లు హ్యాండ్‌బ్యాగ్ అంటారు. ఖరీదైనదాన్ని. గొప్పకి చెప్పడం లేదు. నా కథలో చెడినదంతా ఆ ఖరీదు వల్లే చెడింది. అందుకని చెబుతున్నాను.

పుట్టింది ఇటలీలో. దూడ చర్మం. చెట్ల బెరడు నానబెట్టిన నీళ్లలో నెలల తరబడి ఉంచి పదును చేశారు. ఒక ముసలామె మైనం రాసిన దారంతో కుట్టింది. కుట్టడం అయ్యాక నా మీద ఏ పూతా వెయ్యలేదు. మరిచిపోయి కాదు. ఇలాంటి తోలుకి వెయ్యరు. పట్టుకున్నవాళ్ల చెయ్యి తగిలి తగిలి అది రంగు తిరగాలి. అరచేతి చెమట, తలనూనె, ఎండ, అన్నీ తాగాలి. పదేళ్లు పోయాక పిడి చూస్తే చాలు, ఆ సంచి ఎవరి చేతిలో బతికిందో తెలుస్తుంది.

నన్ను కొన్నది తాతారావు. కాకినాడలో అతనికి రంగుల దుకాణం ఉంది. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లని కంపెనీవాళ్లు దుబాయ్ తిప్పారు. అక్కడ ఒక పెద్ద దుకాణంలో నన్ను ఎంచుకున్నాడు. నీళ్లు పట్టకుండా కొందరు స్ప్రే కొట్టిస్తారనీ, ఈ తోలుకి మాత్రం వద్దనీ ఆ దుకాణంలో అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. తాతారావు తల ఊపాడు. అతనికి అర్థమైంది స్ప్రే అన్న మాట ఒక్కటే.

అతని సంగతి చెప్పాలి. కాకినాడలో స్లాబు కారితే తాతారావుని పిలుస్తారు. మేడ ఎక్కి, పగులు చూసి, మందు పోయించి, పూత వేయించి దిగుతాడు. పాతికేళ్లు అదే పని. దాంతో పూత లేనిదేదీ నిలవదని నమ్మకం కుదిరిపోయింది. ఇంట్లో గేటుకి పూత. భోజనాల బల్లకి పూత. దేవుడి మందిరం తలుపుకీ పూతే. సోఫా కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఎనిమిదేళ్లయినా తియ్యలేదు. ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ముట్టుకున్నామనుకున్నారు.

భార్య పేరు వీరవేణి. పెద్దాపురం దగ్గర పల్లె ఆమెది. పెళ్లయి పాతికేళ్లు నిండిన రోజున తాతారావు నన్ను ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె జిప్పు తియ్యలేదు. భుజాన వేసుకుని అద్దంలో చూసుకోలేదు. నన్ను మొహానికి ఆనించుకుని వాసన చూసింది.

"ఏవండీ! మా నాన్న చెప్పుల వాసనండీ!"

"దుబాయ్ నించి మోసుకొస్తే చెప్పుల వాసనా? బాగుందే నీ వరస."

"నిజవండీ. కిర్రు చెప్పులు. అచ్చం అదే."

నవ్వుతూనే ఏడ్చింది. ఆమె తండ్రి అంతకు ముందు ఏడాది పోయాడు. గుర్తుకి ఆయన చెప్పులు తెచ్చుకుందామని వెళ్తే, అప్పటికే తమ్ముడు వాటిని కాలవలో పడేశాడు. చచ్చినవాడి చెప్పులు ఇంట్లో ఉండకూడదట. అక్కడ దొరకనిది ఆమెకి నాలో దొరికింది. నేను సంచినన్న సంగతి ఆమెకి తర్వాత గుర్తొచ్చింది.

బీరువాలో చీరల మధ్య పెట్టుకుంది. పని మధ్యలో వచ్చి తలుపు తీసి, ఒకసారి వాసన చూసుకుని వెళ్లేది. మూడు వారాలు గడిచాయి. వానలు మొదలయ్యాయి. మేనకోడలి పెళ్లికి నన్ను పట్టుకెళ్లాలని ఆమె ఆశ.

"తడిస్తే పాడైపోద్దేమోనండీ."

"మందు తెప్పిస్తున్నాను. అందాకా ముట్టుకోకు."

ముట్టుకుంది. వాళ్ల నాన్న ఆదివారం పూట చెప్పుల్ని ఎండలో పెట్టి, గోరువెచ్చని ఆముదం పట్టించేవాడట. తోలులోకి నీళ్లు దిగవు, తోలు పగలదు. చిన్నప్పుడు ఆ పని ఆమెకే అప్పజెప్పేవాడట. ఎండ కాసిన ఒక ఆదివారం నన్ను మేడ మీదికి తీసుకెళ్లి, చిన్న గిన్నెలో ఆముదం వెచ్చబెట్టుకొచ్చి, పాత పంచె గుడ్డతో పట్టించింది. పిడి దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కన పడేసి వేళ్లతోనే రాసింది. రాస్తున్నంతసేపూ చిన్నగా మాట్లాడుతూనే ఉంది. నాతో కాదు.

తాగాను. నా బతుకులో కడుపునిండా తాగింది అదొక్కసారే. తేనె రంగుదాన్ని పాత బెల్లం రంగుకి తిరిగాను. పిడి మీద ఆమె వేళ్ల చారలు తేలాయి. అందంగానే ఉన్నాను.

మధ్యాహ్నం భోజనానికి రాజమండ్రి డీలరూ అతని భార్యా వచ్చారు.

"వేణీ, ఆ దుబాయ్ బ్యాగు పట్రా. చెల్లెమ్మ చూస్తాదంట."

వీరవేణి నన్ను రెండు చేతులతో పట్టుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

తాతారావు చూశాడు. "ఏం చేశావే దీన్ని?"

"ఆముదం పట్టించానండీ. ఇంక వానకి భయం లేదు."

డీలరు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆముదమా! జడ కూడా వేసెయ్యకపోయారా వదినా?"

అందరూ నవ్వారు. తాతారావుకి ఆ నవ్వు చాల్లేదు. "ఎంత ఖరీదైంది తెచ్చిచ్చినా నీ బుద్ధి మీ నాన్న చెప్పుల దగ్గరే ఉంటది," అన్నాడు.

మళ్లీ నవ్వారు. వీరవేణి పులుసు వడ్డించింది. ఆ మాట అతను సాయంత్రానికే మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

మర్నాడు నన్ను దుకాణానికి తీసుకెళ్లాడు. థిన్నరుతో తుడిచాడు. పైపై నూనె పోయింది. లోపలికి దిగింది పోలేదు. ఇనప గేట్లకి కొట్టే స్ప్రే గన్ తీశాడు. ఒక పూత ఆరాక రెండోది. రెండోది ఆరాక మూడోది. పనివాళ్ల చేత చేయించలేదు. తనే కొట్టాడు. ప్రేమగానే కొట్టాడు. ఆ మాట దాచను. దాచకపోయినా క్షమించను.

"ఇంక సముద్రంలో పడేసినా నీ బ్యాగుకేం కాదు," అని తెచ్చిచ్చాడు.

వీరవేణి వాసన చూసింది. కింద పెట్టింది.

"ఏంటలా పెట్టేశావు?"

"ఏం లేదండీ. బాగుంది."

పెళ్లికి పట్టుకెళ్లింది. వాన కురిసింది. చినుకులు నా మీంచి జారిపోయాయి. తాతారావు పదిమందిని పిలిచి చూపించాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ఎక్కడికెళ్లినా నన్నే పట్టుకెళ్లింది, లేకపోతే అతను అడుగుతాడని. ఆమె చెయ్యి రోజూ నా పిడి మీదే ఉండేది. చెమట పట్టేది. నాకు తెలిసేది కాదు. వేడి మాత్రం తెలిసేది, తలుపు అవతల మనిషి ఉన్నట్టు.

లోపల ఊపిరాడక ఆముదం ముక్కిపోసాగింది.

తర్వాత ఆమెకి జబ్బు చేసింది. కిడ్నీలు. ఆస్పత్రి రిపోర్టులు నాలోనే పెట్టుకునేది. రిపోర్టులు, దువ్వెన, సోంపు డబ్బా. చివరి వారంలో వాసనలేవీ పడేవి కాదు. అన్నం వాసన పడలేదు. నా వాసన అసలే పడలేదు.

"ఆ సంచిని అవతల పెట్టవే," అంది ఆడపడుచుతో. "కంపు."

ఆడపడుచు నన్ను వరండాలో బల్ల కింద పెట్టింది. గదిలో వీరవేణి పోయినప్పుడు నేను ఆ బల్ల కిందే ఉన్నాను.

పెద్దకర్మ అయ్యేసరికి చీరలన్నీ ఉతికి, మడతపెట్టి, అక్కచెల్లెళ్లకి పంచేశారు. తాతారావు అడ్డు చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు, బల్ల కింది నించి తెచ్చి బీరువాలో పడేశారు. తర్వాత బీరువా తెరిచాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను తీసి, ఆమె మొదటి రోజున చేసినట్టే, మొహానికి ఆనించుకున్నాడు. చాలాసేపు వెతికాడు. థిన్నరు తగిలింది. ముక్కిన నూనె తగిలింది. ఆమె లేదు.

అప్పుడు అర్థమైందేమో. అర్థం కావడానికి మనుషులకి ఎప్పుడూ ఒక రోజు ఆలస్యమవుతుంది.

విశాఖపట్నంలో ఖాదర్ బాషా అని ఒకతను ఖరీదైన తోలు సంచులు బాగుచేస్తాడు. తాతారావు నన్ను అక్కడికి తీసుకెళ్లాడు.

"దీని మీద పూత తియ్యగలవా?"

"తియ్యొచ్చు సార్. ఎవరు కొట్టారిది? గేటుకి కొట్టినట్టు కొట్టారు."

తాతారావు నన్ను బల్ల మీద అతనివైపు జరిపాడు. "మా ఆవిడది. నాలుగేళ్లు పట్టుకు తిరిగింది. పిడి మీద ఆ చెయ్యి ఆనవాలు ఉంటది కదా. అది కావాలి నాకు."

బాషా కంటికి అద్దం పెట్టుకుని పిడిని అటూ ఇటూ తిప్పాడు. అద్దం తీశాడు.

"ఆవిడ పట్టుకున్నది తోలుని కాదు సార్. పూతని."

తాతారావు ఆ అద్దం తీసుకుని తనే పెట్టుకుని చూశాడు.

"అంతకు ముందు ఆముదం రాసింది," అన్నాడు తాతారావు. "వేళ్లతో రాసింది. చారలు నేను చూశాను."

"ఉంటాయి సార్, అడుగున. కానీ పూత పోవాలంటే మందు వెయ్యాలి. ఆ మందు దెబ్బకి ఆముదమూ పోతుంది. చారలూ పోతాయి. రెంటినీ విడదియ్యడం నా వల్ల కాదు."

"తియ్యకపోతే?"

"లోపల ఉంటుంది సార్. మీకు కనపడదు."

తాతారావు నా పిడి పట్టుకున్నాడు. వదిలాడు. స్లాబు మీద ఎక్కడ పగిలిందో ఇట్టే చెప్పే మనిషి, ఒక సంచి ముందు చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఉంచు. ఆలోచించి ఫోను చేస్తాను."

చెయ్యలేదు. తీస్తే ఆమె పోతుంది. తియ్యకపోతే ఆమె దక్కదు. ఏ మాట చెప్పడానికి ఫోను చేస్తాడు? బాషా రెండుసార్లు తనే చేశాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది. నాకు జాలి కలగలేదు. కలగాలేమో.

ఇప్పుడు నేను బాషా దుకాణంలో అద్దాల అరలో ఉంటున్నాను. కొత్త బ్యాగులు కొన్నవాళ్లు వస్తారు. వాటర్‌ప్రూఫ్ చేయించమంటారా వద్దా అని అడుగుతారు. రంగు వేసిన తోలైతే పల్చటి స్ప్రే పరవాలేదమ్మా అంటాడు. రంగు వెయ్యని తోలుకి మాత్రం వద్దంటాడు. నమ్మరు. అప్పుడు నన్ను బయటికి తీసి గ్లాసుడు నీళ్లు పోస్తాడు.

"చూశారా? ఏదీ లోపలికి పోదు. ఇక ఎన్నేళ్లు పట్టుకున్నా ఇది మీది కాదు."

మొదటి మాట వింటారు. రెండోది వినరు.

"అబ్బ! ఒక్క చుక్క దిగలేదే! నాక్కూడా ఇలాగే వేసెయ్యండి బాషా గారూ," అంటుంది ఒకావిడ, కొత్త బ్యాగుని ఒళ్లో పెట్టుకుని. పక్కన భర్త డబ్బు తియ్యడానికి సిద్ధంగా ఉంటాడు.

నీళ్లు బల్ల మీదికి జారిపోతాయి. అడుగున వీరవేణి వేళ్లు అలాగే ఉన్నాయి. అవి తడవవు.